అరణ్యమౌనమను భ్రాంతి

మన విద్యార్థులకు ఈ మధ్యకాలమున నొక ఉపదేశము విరివిగా లభించుచున్నది. పరీక్షల యలసటచేత మనసు వికలమైనప్పుడు, ర్యాంకుల లెక్కలలో బడి తమ్ము తాము మరచినప్పుడు, ఒక సంచి భుజమునకు తగిలించుకొని, ఎవరికిని చెప్పకుండ, ఒంటరిగా, మనుష్యసంచారము లేని ఏ యడవికో నదీతీరమునకో పోయి నాలుగు దినములు కూర్చున్నచో, అచ్చటి నిశ్శబ్దము లోపలికి దిగి ఆత్మపరిశీలన దానంతటదియే కలుగునని పెద్దలు చెప్పుచున్నారు, పత్రికలు వ్రాయుచున్నవి, చలనచిత్రములు కథానాయకుని మోటారుసైకిలెక్కించి చూపుచున్నవి. ఖమ్మము విడిచి, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమువైపు పోవు దారి యీ ఉపదేశమునకు మంచి గిరాకీగల చోటు. గోదావరి యున్నది, పర్ణశాల యున్నది, కిన్నెరసాని యున్నది, టేకును మద్దియు వెదురును పెరిగిన యడవి యున్నది. ఇన్నియున్న చోట మౌనము మాత్రము లేకుండునా యని వారి యూహ. లేదని నేను చెప్పబోవుచున్నాను. అంతియకాక, ఉన్నదని నమ్మి బయలుదేరిన విద్యార్థి తనకు నిజముగా దొరకిన నిశ్శబ్దమును గుర్తింపలేక, దానిని దారిలోనే పారవైచి వచ్చుచున్నాడనియు చెప్పబోవుచున్నాను.

ఈ ఉపదేశకులు మొట్టమొదట ఋషులను సాక్ష్యమునకు పిలుతురు. సాక్షులు మంచివారే, కాని వారు చెప్పని మాటను వారి నోట పెట్టుట న్యాయము కాదు. మన పురాణములలోని యాశ్రమములు నిర్జనస్థలములు కావు. అచ్చట శిష్యులు బిగ్గరగా వల్లెవేయుదురు, ఆవులు అంబాయని యరచును, వేళకాని వేళ అతిథులు వత్తురు, వారికి వంట కావలెను. భద్రాచలమునకు సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరి యొడ్డుననున్న పర్ణశాలనే తీసికొందము. వనవాసకాలమున సీతారామలక్ష్మణులు నివసించిన చోటిదేయని యీ ప్రాంతపు నమ్మకము. సీతమ్మ నారచీరలారవేసిన గుర్తులని రాళ్ళమీది రంగుచారలను యాత్రికులకు చూపుదురు. ఆ నమ్మకముతో నాకు తగవు లేదు. అరణ్యకాండము చదివినవారెవరైనను ఆ వనవాసమున మౌనము రాజ్యమేలినదని చెప్పగలరా? దండకలోని మునులు గుంపులుగా వచ్చి తమ బాధలు మొరపెట్టుకొనిరి, శూర్పణఖ వచ్చినది, ఖరుడు పదునాలుగువేల సేనను వెంటబెట్టుకొని వచ్చెను, కట్టకడపట కథయంతయు మాయలేడి గొంతునుండి వెలువడిన యొక దొంగకేకమీద తిరిగినది. ఆ కేక వినబడనిచో తరువాతి కాండలు లేవు. నిశ్శబ్దము కోరి వచ్చినవారికి, కేకచేత ప్రసిద్ధమైన చోటును చూపుట మనవారికే చెల్లినది.

రామదాసు సంగతియు నట్టిదే. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారై, సర్కారు పైకముతో భద్రగిరిమీద కోవెల కట్టించి, తానీషా కాలమున గోలకొండలో పండ్రెండేండ్లు చెరపడెనని సంప్రదాయము చెప్పుచున్నది. భద్రాచలములో నున్నంతకాలము ఆయనకు రాళ్ళు, సున్నము, కూలీలు, పన్నులు, లెక్కలు. తన్ను తాను నిలదీసికొను తీరిక, తాను కొలిచిన దేవునినే నిలదీయు తీరిక, గోలకొండ గోడలమధ్య దొరకినది. ఆయన చూచుకొన్న యాత్మ యడవిలో కనబడినది కాదు. ఇట్లనుటచేత విద్యార్థులను చెరసాలకు పంపవలెనని నా యభిప్రాయమని యెవరును తలపవలదు. ఆ కొరత వారి హాస్టళ్ళు ఇదివరకే తీర్చుచున్నవి.

నేనీ భ్రాంతిని దూరమునుండి విమర్శించుట లేదు. 1986వ సంవత్సరము వేసవి మొదట, ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన వారమునకే, నేనును ఒక సంచి, ఒక నోటుపుస్తకము పట్టుకొని యిదే దారిని పోయితిని. డోర్నకల్లులో రైలు మారి, భద్రాచలం రోడ్ అను స్టేషనుకు టిక్కెట్టు కొని, దిగగానే కోవెల గోపురము కనబడునని యాశించితిని. దిగి చూతును గదా, అది కొత్తగూడెము, బొగ్గుగనుల యూరు. భద్రాచలమునకు ఇంక నలువది కిలోమీటర్లున్నవని, 'రోడ్' అను మాటకు రైల్వేవారి నిఘంటువులో 'ఇచ్చటనుండి రోడ్డు పట్టుకొనుము' అని యర్థమని, ఒక పోర్టరు నవ్వుచు బోధించెను. బస్సు తప్పినది. తరువాతి బస్సు ఎక్కువరకు నాలుగు గంటలు బస్టాండులో బల్లమీద కూర్చుంటిని. కండక్టర్లు ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి యని యరచుచున్నారు. గనినుండి షిఫ్టు దిగి, నల్లని ముఖములతో వచ్చినవారు టీ త్రాగుచున్నారు. ఒక పసిబిడ్డ యేడ్చుచున్నది. ఆ యరుపులలో ఒక్కటియు నన్ను పిలుచునది కాదు. నేనెవరి కుమారుడనో, నాకెన్ని మార్కులు వచ్చునో అచ్చట నెవరికిని తెలియదు, అక్కరలేదు. పదిహేడేండ్ల జీవితములో నాకు సంజాయిషీ లేని గంటలవి నాలుగే. కాని, నిశ్శబ్దము పర్ణశాలలో నున్నదని నేను నిశ్చయించుకొనియుంటిని గనుక, ఆ నాలుగు గంటలను వ్యర్థమైన కాలముగా లెక్కించి, గడియారమువంక చూచి విసుగుకొనుచు గడపితిని.

మరునాడు పర్ణశాల దాటి, నదియొడ్డున నొక రాతిమీద కూర్చుండి, నోటుపుస్తకము తెరచితిని. ఆత్మపరిశీలన చేసికొనవలెను గదా! మూడు పుటలు వ్రాసితిని. సాయంకాలము చదివికొనగా అందులో నా మాట యొక్కటియు లేదు. చదివిన నవలలలోని వాక్యములే, నదివంక చూచుచున్నట్టి కథానాయకుని వైరాగ్యమే. ఆ రాతికి కొంతదూరమున నొక కోయ ముసలమ్మ చాపమీద ఇప్పపూవు ఆరబెట్టుచుండెను. ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. కోడికూతవేళకే చెట్లక్రిందికి పోయి యేరుకొని రావలెను. ఆమె పనియైన తరువాత నావంక చాలసేపు చూచి, తన మనుమరాలితో కోయభాషలో నేదో యని, నాతో తెలుగున నడిగినది.

"ఎవరి మీద అలిగొచ్చినవ్ బాబూ?"

ఎవరిమీదను లేదంటిని.

"మరి ఒక్కడివే ఎందుకొచ్చినవ్? మీ వాళ్ళేరీ?"

చెప్పుటకు నాకు మాట దొరకలేదు. నిజమునకు నేను మా నాన్నగారిమీద నలిగి వచ్చితిని. ఆయన చదువుమన్న చదువు చదువనని చెప్పుటకు ధైర్యము చాలక, చదివెదనని చెప్పుటకు మనసు రాక, ఆ రెండింటి నడుమనుండి పారిపోయి, ఆ పారిపోవుటకు ఏకాంతమనియు ఆత్మాన్వేషణమనియు పేర్లు పెట్టుకొంటిని. మూడు పుటల సొంత వ్రాతకు అందని సత్యము ఒక ముసలమ్మ నాలుగు మాటల ప్రశ్నకు తేలిపోయినది. ఆ యేడు ఆగస్టులో గోదావరి భద్రాచలమువద్ద 75.6 అడుగులకు ఎక్కినది. నేను కూర్చున్న రాయి ఎన్ని దినములు నీటిక్రింద నున్నదో! 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడును నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆ రాయి కాదు, ఆ చాప.

అలిగి యడవికి పోవుట ఈ నేలకు క్రొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు కిన్నెరసాని పాటలలో చెప్పిన కథ యీ గడ్డదే: అత్తమాటలు పడలేని యొక కోడలు అడవికి పరుగెత్తి, అచ్చట కరగి వాగైపోవుట, వెంటవచ్చిన భర్త రాయియగుట. ఏకాంతవాదులు ఈ కావ్యమును తమ పక్షమున జమకట్టుకొందురు. నేను వ్యతిరేకపక్షమున జమకట్టుకొందును. కిన్నెర యడవిలో మౌనమును పొందలేదు. ఆమె చప్పుడైనది, రాళ్ళమీద గలగలలైనది, విడిచి వచ్చిన మనిషిని విడువలేక చుట్టు తిరిగినది. అడవికి ఏమి మోసికొనిపోయినదో అదే యడవిలో బిగ్గరగా వినబడినది. నేడా కిన్నెరసానికి పాల్వంచవద్ద డ్యాము కట్టి, ఆ నీటిని విద్యుత్కేంద్రమునకు తరలించుచున్నారు. ఆదివారములందు విద్యార్థులు ఆ డ్యాముమీద నిలిచి, ప్రకృతి యొడిలో ప్రశాంతత యని ఫోటో క్రింద వ్రాసికొనుచున్నారు. కొందరు సారపాక దాపున రోడ్డుప్రక్కనున్న వరుసచెట్లమధ్య నిలిచి అరణ్యమని వ్రాయుదురు. అవి కాగితపు మిల్లుకొరకు నాటిన జామాయిలు చెట్లు. ఏ పరీక్షాపత్రమునుండి తప్పించుకొని వచ్చిరో, రేపటి ఆ పత్రమునకే వారు కౌగిలింతలిచ్చుచుండవచ్చును.

నిజమైన యడవిలోనికే పోయినను, అచ్చట నిశ్శబ్దమున్నదను మాట అడవిలో నివసించువారెవరును చెప్పగా నేను వినలేదు. చెవిగలవానికి అడవి సంతవంటిది. కీచురాళ్ళు, గువ్వలు, అడవికోడి, వెదురు రాపిడి, ఎండుటాకులమీద తొండ నడక, దూరమున గొడ్డలి, మెడలో కొయ్యగంటలు కట్టిన పశువులు. ఈ సంత యొక్కసారిగా ఆగినదనుకొనుడు. పట్టణవాసి ఆహా యని కన్నులు మూసికొనును, అడవివాడు లేచి నిలిచి చుట్టును చూచును. పక్షి నోరు మూసిన చోట నేదో మృగము కదలుచుండవలెను, లేదా మనిషి పొంచియుండవలెను. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాపుననున్న చర్ల, చింతూరు ప్రాంతములలో గడచిన దశాబ్దములలో నివసించినవారికి, రాత్రి యకస్మాత్తుగా ఊరకుండుట యెంత భయంకరమో వేరుగా చెప్పనక్కరలేదు. 2005 తరువాత మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుము కాలమున అటునుండి ఇటు పారిపోయి వచ్చి యడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయల గూడెములో కూర్చుండి, ఇచ్చట ఎంత ప్రశాంతముగా నున్నదో యని నిట్టూర్చు విద్యార్థిని క్షమింపవచ్చును. అట్లు నిట్టూర్చుమని వానికి నేర్పినవారిని క్షమింపరాదు.

నిర్జనమనుట ఇంకను పెద్ద తప్పు. భద్రాచలము 1959వ సంవత్సరమున తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మములోనికి వచ్చినది. 2014లో చుట్టునున్న మండలములు పోలవరము నిమిత్తము ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము పేరుతో జిల్లా యేర్పడినది. భద్రాచలము విడిచి పర్ణశాలకు పోవు బస్సు ఎటపాకవద్ద ఒక రాష్ట్రములోనికి పోయి మరల మొదటి రాష్ట్రములోనికి వచ్చును. ఎవరును లేని చోటికొరకు ఇన్ని మారులు గీతలు గీసి చెరిపెదరా? మనుష్యులున్నారు, వారిని చూడకుండుటకే మనము 'నిర్జన' శబ్దమును వాడుచున్నాము. హైమెండార్ఫ్ అను పండితుడు పాపికొండల కొండరెడ్లనుగూర్చి 1945లో ప్రచురించిన గ్రంథము ఈ కొండలనుగూర్చి వ్రాసినవానిలో గట్టిది. ఆ కొండలలో నాయనకు దొరకినది ఏకాంతము కాదు, రెడ్ల ముంగిళ్ళలో కూర్చుండి వారిని వినుట.

ఋషులు చెల్లనప్పుడు ఉపదేశకులు అమెరికానుండి థోరోను తెప్పింతురు. వాల్డెన్ సరస్సువద్ద 1845 జూలైనుండి 1847 సెప్టెంబరువరకు ఆయన కుటీరము కట్టుకొని నివసించిన మాట నిజమే. ఆ కుటీరము కాంకర్డు గ్రామమునకు మైలున్నర దూరముననే యున్నదనియు, ఆయన తరచు ఊరిలోనికి పోయి వచ్చుచుండెననియు, సరస్సు ప్రక్కనుండి క్రొత్తగా వేసిన రైలుమార్గము పోవుచుండెననియు, లోపల వచ్చిపోవువారికొరకు కుర్చీలు కూడ నుండెననియు మాత్రము వీరు చెప్పరు. రైలుకూతను ఆయన శత్రువుగా తరిమివేయలేదు. దానినిగూర్చియే పుటలకొలది యాలోచించెను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరినప్పుడు వెంట సుమారు నూరుమంది పరివారము, బోయీలు, సామాను. వంటసరకులు దొరకినవా, ఏటిలో నీరెంత, సత్రములో చోటున్నదా యని ప్రతిదినము విచారించుకొనుచు, పదునైదు నెలలకు పైగా తిరిగి, ఆ నడుమనే దేవునిగూర్చియు ఆచారములగూర్చియు మనుష్యస్వభావమునుగూర్చియు ఆయన చేసిన విచారణ, 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో నున్నది. ఒంటరియైన యాత్రికులెందరు అంతమాత్రపు లోచూపుతో వ్రాసిరో నాకు చూపుడు.

ఇంత బలహీనమైన వాదము ఇంత ప్రచారమెట్లు పొందినది? దీనికి మూలము అడవిలో లేదు, ఖమ్మములోను కొత్తగూడెములోను ఉన్న చదువుల కర్మాగారములలో నున్నది. అచ్చట స్టడీ అవరు అని యొకటి కలదు. అరువదిమంది పిల్లలు, ఒక మనిషి పహరా, మాటలేదు, చూపులేదు. ప్రతి బెంచీమీద మౌనమున్నది, దేనియందును శాంతి లేదు. ఆ మౌనమునకు లెక్కయున్నది. గంటకు ఇన్ని పుటలు, వారమునకు ఇన్ని మార్కులు. ఇట్టి మౌనములో పెరిగిన పిల్లవానికి శాంతి యనగా మరియొక మౌనమని, గోడలు లేని స్టడీ అవరని తోచుట సహజము. కనుక వాడు గోదావరి యొడ్డునకు పోయినను అదే బెంచీమీద కూర్చుండును. ఆత్మపరిశీలన అను పాఠ్యాంశమును నాలుగు దినములలో పూర్తిచేయ ప్రయత్నించును. పూర్తికానిచో తన యందేదో లోపమున్నదని దిగులుపడును. ఆ దిగులు తీర్చుటకు పడవమీద పాటలతో, రాత్రి గుడారములతో, పాపికొండల ప్యాకేజీలు సిద్ధముగా నున్నవి. కిటికీ తెరువని గదిలో పెట్టి ఊపిరాడకుండ చేసినవారే గాలి సీసాలలో పోసి యమ్ముట వర్తకధర్మమునకు తప్పు కాకపోవచ్చును.

ఈ చర్చయంతటిలో నెవరును తలచుకొనని విద్యార్థి యొకరున్నారు. చర్ల మండలములోని యొక గూడెమునుండి మొదట ఆశ్రమ పాఠశాలకు, అక్కడనుండి భద్రాచలము కళాశాలకు, అక్కడనుండి ఖమ్మమునకు చదువుకొరకు పోవుచున్న కోయబాలిక. ఈ దారిలో నిజమైన విద్యార్థియాత్ర ఆమెది. అది అడవిలోనికి కాదు, అడవినుండి. ఆమె సెలవులకు ఇంటికి వచ్చునది మౌనముకొరకు కాదు. ఏప్రిలు, మే మాసములలో తునికాకు. వెలుగురాకముందే యడవికి పోయి, ఆకు కోసి, మోపుకట్టి తెచ్చి, రాత్రివరకు కూర్చుండి ఏబదియాకుల కొక్కొక్క కట్టగా కట్టి, కల్లమునకు చేర్చవలెను. వేయి కట్టలైనగాని ఒక స్టాండర్డు బస్తా కాదు, అనగా ఏబదివేల యాకులు. ఆమె నోటుపుస్తకముల ఖర్చు ఆ యాకులలో నున్నది. ఆమెకు అడవి శబ్దమో నిశ్శబ్దమో యని యడిగినచో ప్రశ్న యర్థము కాదు. అది పని, ఇల్లు, తేనె, జ్వరము, వేల్పు, ఫారెస్టు గార్డు.

మరి యామెకు తీరిక యెచ్చట? ఒకసారి పల్లెవెలుగు బస్సులో నామెవంటి బాలికను చూచితిని. 2023 డిసెంబరునుండి ఆడవారికి టిక్కెట్టు లేకపోవుటచేత ఆ బస్సులలో కాలు పెట్టుటకు చోటుండదు. గంపలు, కోళ్ళు, కాన్పుకు పోయి వచ్చువారు, కండక్టరు కేకలు. ఆ బాలిక కిటికీ దాపున ఇరుకుకొని, ఒడిలో సంచి పెట్టుకొని, వంతెన రాకముందునుండి బయటికి చూచుచుండెను. గూడెములో నామె యొకరి కూతురు, ఒకరి చెల్లెలు. హాస్టలులో నొక వరుససంఖ్య. ఈ రెంటినడుమ బస్సులోనున్న రెండుమూడు గంటలు ఆమె యింకను అదియు కాదు, ఇదియు కాదు. 1965లో కట్టిన ఆ గోదావరి వంతెనమీద బస్సు నెమ్మదించినప్పుడు ఆమె పెదవులు కదలినవి. పాఠము వల్లెవేయుచుండెనో, ఎవరికైనను చెప్పవలసిన మాటను కూర్చుకొనుచుండెనో! కొత్తగూడెము బస్టాండులో నేను పారవైచుకొన్న దానిని ఆమె జారవిడువలేదని మాత్రము నాకు తోచినది.

అయినచో ఏకాంతమే అక్కరలేదా యని యడుగువారుందురు. అక్కరయున్నది, తలుపు గడియవేసికొను హక్కు ప్రతి విద్యార్థికి నుండవలెను, వాని తల్లిదండ్రులు దీనిని గౌరవింపవలెను. నా తగవు ఏకాంతముతో కాదు. ఏకాంతమును చోటునకు కట్టివేసి, ఆ చోటనున్న మనుష్యులను తుడిచివేసి, దారిని కేవలము దాటవలసిన దూరముగా చేసిన వాదముతోనే నా తగవు. అడవికి పొండు, తప్పక పొండు. ముసలమ్మ పలుకరించినప్పుడు మాత్రము అది మీ ధ్యానమునకు భంగమని తలపకుడు.

గత వేసవిలో కొత్తగూడెమునుండి పోవు బస్సులో నా ముందు సీటున నొక పిల్లవాడు కూర్చుండెను. క్రొత్త సంచి, క్రొత్త బూట్లు, చెవులలో ఇయర్‌ఫోన్లు, చేతిలో పర్ణశాల దారి చూపుచున్న ఫోను. పాల్వంచలో నొక పెద్దామె గంపతో నెక్కి, అతని ప్రక్కన సర్దుకొని, గంపను కాళ్ళమధ్య నిలిపి, కొంతసేపతనివంక చూచినది.

"ఏ ఊరు బాబూ?"

అతడు వినలేదు. ఆమె మోచేతితో మెల్లగా తట్టి మరల నడిగినది. అతడు ఒక చెవిలోనిది తీసి, "ఆఁ?" అనెను.